క్యాన్ నంబరు వెంట నడిచే బాకీ

హైదరాబాద్ మియాపూర్‌లో పాత ఇళ్ళు కొనేవాళ్ళకు కాగితాలు చూసిపెట్టడం నా పని. అందరూ ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) అడుగుతారు, నీటి బిల్లు అడిగేవాళ్ళు అరుదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. నల్లా బకాయి కనిపించదు. అది నల్లా కనెక్షన్ ఖాతా సంఖ్య, అంటే క్యాన్ నంబరు మీద పేరుకుంటుంది. ఇంటాయన మారినా బాకీ అక్కడే ఉంటుంది.

నగరానికి నీళ్ళిచ్చే జలమండలి 1989లో ఏర్పడింది. మియాపూర్ అప్పటికి నగరం బయటే. శేరిలింగంపల్లి మున్సిపాలిటీతోపాటు 2007లో మహానగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీలో కలిసింది.

మొండి బకాయిల మీద జలమండలి తీసే ఆయుధం మాత్రం చాలా పాతది. మద్రాసు ప్రెసిడెన్సీలో భూమి శిస్తు కోసం 1864లో చేసిన రెవెన్యూ రికవరీ చట్టం అది. శిస్తు కట్టని రైతు పొలాన్ని జప్తు చేయడానికి పుట్టిన చట్టం నేడు నల్లా బాకీకి నోటీసై ఇంటికొస్తోంది. తాగునీటికోసం పేదవాడి గూడు జప్తు చేయడం అన్యాయం. ఏళ్ళ తరబడి ఎగ్గొట్టే వాణిజ్య భవనాలపై మాత్రం ఆ చట్టం వాడాల్సిందే.

2021 జనవరిలో మొదలైన పథకం కింద ఇళ్ళకు నెలకు 20,000 లీటర్లు ఉచితం. దానికి ఆధార్ అనుసంధానం, బస్తీల్లో తప్ప మిగతాచోట్ల పనిచేసే మీటరు ఉండాలి.

అందుకే నీళ్ళు ఉచితమని ఊరుకోకుండా, అడ్వాన్సు ఇచ్చేముందు క్యాన్ నంబరు అడగండి, బకాయి లేదని మీ కళ్ళతో చూసుకోండి.