సోడాలో సోడా లేదు

గోలీసోడాలో సోడా ఉండదు. ఉండేది బొగ్గుపులుసు వాయువు ఎక్కించిన నీళ్లే. ఒకప్పుడు సోడా ఉప్పు వేసి చేసేవాళ్లు. ఉప్పు పోయింది, పేరు నిలిచింది. గోలీ కథ ఇంకా బాగుంటుంది. ఇంగ్లండులో హైరమ్ కాడ్ 1872 నాటికి పేటెంటు పొందిన సీసా అది: లోపలి వాయువే గాజుగుండును మూతి దగ్గరి రబ్బరు చుట్టకు అదిమిపెడుతుంది. వేలితో నొక్కితే కీచుమని దిగుతుంది. పిల్లలాడే గోలీ పేరే మనవాళ్లు దానికి పెట్టేశారు.

ఎండాకాలం మా ఇంట్లో నిమ్మరసం, పంచదార, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లను వెడల్పు గిన్నెలో గడ్డకట్టించి, చెంచాతో గీరి, ఆ మంచుపొడి మీద ఈ సోడానే పోస్తాను. సోడాసీసాను మాత్రం ఫ్రీజర్లో పెట్టకండి, పగులుతుంది. బజార్లో ఇలాంటి పానీయాన్ని స్లష్ అంటున్నారు. మా పిల్లలు ‘మంచుసోడా’ అంటారు. నాకు ఆ మాటే ఇష్టం.