కళ్లెదుటే రుజువు

1931 మార్చి 25. చట్టనూగా నుంచి మెంఫిస్ వైపు గూడ్సు బండి పోతోంది. వెనకవైపు ఒక ట్యాంకర్ మీద పదిహేడేళ్ల ఓలెన్ మాంట్‌గోమరీ ఒంటరిగా కూర్చున్నాడు. ఒక కంటికి చూపే లేదు, రెండో కంటికీ అంతంతమాత్రం. మెంఫిస్‌లో పని దొరికితే కళ్లజోడు కొనుక్కోవాలి. మరో పెట్టెలో విల్లీ రాబర్సన్ మూలుగుతూ పడుకున్నాడు. సుఖవ్యాధి ముదిరిపోయి చేతికర్ర లేనిదే అడుగు వెయ్యలేడు. ఉచితంగా వైద్యం చేస్తారేమోనని బయల్దేరాడు.

ముందు పెట్టెల్లో తెల్ల కుర్రాళ్లకూ నల్ల కుర్రాళ్లకూ కొట్లాటైన సంగతి ఈ ఇద్దరికీ తెలియదు. బండిలోంచి తోసేసిన తెల్ల కుర్రాళ్లు వెళ్లి ఫిర్యాదు చేశారు. అలబామాలోని పెయింట్ రాక్ స్టేషన్లో తుపాకులు పట్టుకుని జనం కాచుకుని ఉన్నారు. దొరికిన నల్లవాళ్లు తొమ్మిది మంది. చాలామందికి ఒకరి ముఖం ఒకరికి తెలియదు. అందరినీ తాళ్లతో కట్టేశారు. అదే బండిలోంచి ఇద్దరు తెల్ల యువతులు దిగారు, విక్టోరియా ప్రైస్, రూబీ బేట్స్. తమను చెరిచారన్నారు. ఇక విచారణకు మిగిలిందేముంది?

పన్నెండు రోజులకే స్కాట్స్‌బరో కోర్టులో విచారణ మొదలైంది. నాలుగు రోజుల్లో ఎనిమిది మందికి మరణశిక్ష పడింది. అందరికన్నా చిన్నవాడు రాయ్ రైట్‌కు పన్నెండు పదమూడేళ్లు. ప్రాసిక్యూషనే యావజ్జీవం చాలంటే, జూరీలో ఎక్కువమంది ప్రాణమే తీయాలని పట్టుబట్టారు. ఏకాభిప్రాయం కుదరక వాడు అప్పటికి బతికిపోయాడు.

ఆ బోనులో నిలబడ్డ విల్లీని తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది. కర్ర పట్టుకున్న మనిషి పరుగెత్తే గూడ్సు మీద తెగబడి అఘాయిత్యం చేశాడట!

1933లో డెకేటర్ కోర్టులో తిరిగి విచారణ జరిగినప్పుడు రూబీ బేట్సే బోనెక్కి అలాంటిదేమీ జరగలేదని చెప్పింది. అయినా ఆ తొమ్మిది మందిలో ఒకడైన హేవుడ్ ప్యాటర్సన్‌కు జూరీ మళ్లీ మరణశిక్షే వేసింది. ఆ తీర్పును కొట్టేసిన జడ్జి జేమ్స్ హోర్టన్ మరుసటి ఏడాది ఎన్నికల్లో పదవి పోగొట్టుకున్నాడు.

అదే అలబామాలో, మన్రోవిల్‌లో పుట్టిన హార్పర్ లీ 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవల ప్రచురించింది. అమాయకత్వానికి గుర్తుగా అందరూ అందులోని పిట్టనే చెబుతారు. ఎవరికీ హాని చెయ్యకుండా పాడుకునే ప్రాణి కనుక ఆ పోలిక మనసుకు హత్తుకుంటుంది. నాకు మాత్రం, అందులో తెల్లమ్మాయిని చెరిచాడన్న నింద మోసిన నల్లవాడు టామ్ రాబిన్సన్ ఎడమచెయ్యే అసలు గుర్తు. చిన్నప్పుడు పత్తి జిన్నింగు యంత్రంలో పడి నలిగి చచ్చుబడిన చెయ్యి అది. ఆ అమ్మాయిని కొట్టినవాడిది ఎడమచేతివాటమని సాక్ష్యం చెబుతోంది. ఆ చెయ్యి జూరీ కళ్లముందే వేలాడుతోంది. అయినా దోషే అన్నారు. పిట్టను కాల్చినవాడు పొరపాటున కాల్చానని తప్పించుకోవచ్చు. ఆ చేతిని చూసినవాళ్లకు ఆ వీలు లేదు.

ఇక అసలు కేసులో, 1937 జులైలో ఓలెన్, విల్లీ సహా నలుగురి మీద కేసు ఎత్తేశారు. ఈ ఇద్దరూ నిర్దోషులేనని ప్రాసిక్యూషన్ ఒప్పుకుంది. ఒకడికి చూపు సరిగా లేదు, రెండోవాడు రోగిష్టి అన్నదే కారణం. ఆరేళ్ల కిందట బోనులో కనబడింది ఆ కళ్లే, ఆ కర్రే. విక్టోరియా ప్రైస్ మాట ఈ నలుగురి విషయంలో చెల్లలేదు. మిగిలినవాళ్లలో క్లారెన్స్ నోరిస్, చార్లీ వీమ్స్, ఆండీ రైట్, ప్యాటర్సన్‌లను మాత్రం అదే మాట మీద జైల్లో ఉంచారు.