విశ్వవిద్యాలయ చాప్లెయిను (ఆంగ్లికన్ సంప్రదాయము)

విశ్వవిద్యాలయమునందు గాని, దానిలోని కళాశాలయందు గాని ఆంగ్లికన్ క్రైస్తవ సంఘము పక్షమున నియుక్తుడై, ప్రార్థనామందిరమున ఆరాధనము నడపుచు, విద్యార్థుల యొక్కయు అధ్యాపకుల యొక్కయు ఆధ్యాత్మిక క్షేమమును కనిపెట్టి యుండు గురువునకు చాప్లెయిను అని పేరు. సాధారణ గురువునకు ఒక పేటయో గ్రామమో సంఘ మగును. చాప్లెయినునకు విద్యాసంస్థయే సంఘము. ఈ పదవి ఇంగ్లండున ఏడు శతాబ్దములుగ వర్ధిల్లుచున్నది. దీని చరిత్రమున మిక్కిలి గమనింపదగిన విషయ మొకటి కలదు. విశ్వవిద్యాలయములపై క్రైస్తవ సంఘమునకు సంపూర్ణాధికార మున్న కాలమున చాప్లెయిను అల్పజీతముపై ప్రార్థనలు చదువు ఉద్యోగి మాత్రమే. ఆ యధికారము సడలిన కొలదియు నాతని పదవికి గౌరవమును సార్థకతయు చేకూరెను.

మధ్యయుగము: ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి నగరములందలి ప్రాచీన కళాశాలలు విద్యాస్థానములే గాక ఆరాధనాస్థానములు కూడ. ధర్మదాత భవనములు కట్టించి, భూములు ధారపోసి, తన ఆత్మకును తన వంశీయుల ఆత్మలకును శాంతి కలుగునట్లు నిత్యము ప్రార్థనలు జరుగవలెనని శాసనములలో వ్రాయించెడివాడు. వించెస్టరు బిషప్పగు విలియం ఆఫ్ వైక్‌హాం 1379లో ఆక్స్‌ఫర్డున స్థాపించిన న్యూ కాలేజీకి ఒక అధ్యక్షుడును, 70 మంది విద్వాంసులును, 10 మంది చాప్లెయినులును, ముగ్గురు గాయకోద్యోగులును, 16 మంది గాయక బాలురును ఏర్పరుపబడిరి. ఆరవ హెన్రీ రాజు కేంబ్రిడ్జిలో 1441లో స్థాపించి, పిదప విస్తరింపజేసిన కింగ్స్ కాలేజీ యందును 70 మంది విద్వాంసులకు 10 మంది చాప్లెయినులు నియమింపబడిరి. సంఖ్యలో ఇంతమంది యున్నను వీరి పని ఆరాధనాక్రమము భంగపడకుండ జరుపుటయే. విద్యార్థుల మనస్సులలోని సంశయములను తీర్చు భారము వీరిపై మోపబడలేదు.

మత సంస్కరణానంతరము: 1547లో వెలువడిన శాసనముచే, మృతుల ఆత్మశాంతికై ఏర్పడిన ధర్మసంస్థలు దేశమంతట రద్దు కాగా, ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి కళాశాలలకు మాత్రము మినహాయింపు లభించెను. మృతులకొరకైన ప్రార్థనలు నిలిచిపోయెను. 1549లో ప్రకటింపబడిన ఆంగ్ల ప్రార్థనా గ్రంథము ఆరాధనకు ఆధారమయ్యెను. లాటిను నేర్చినవారి ఉపయోగార్థము దానికి లాటిను ప్రతి 1560లో సిద్ధమయ్యెను. 1581 నుండి ఆక్స్‌ఫర్డున ప్రవేశము పొందగోరు ప్రతి విద్యార్థియు ఆంగ్లికన్ సంఘపు 39 మతసూత్రములకు సమ్మతి తెలుపుచు సంతకము చేయవలసి వచ్చెను. కేంబ్రిడ్జిలో నిట్టి నిబంధన పట్టము పొందువేళ అడ్డు నిలిచెను. కేథలిక్కులును, యూదులును, ఆంగ్లికన్ సంఘముతో విభేదించిన ప్రొటెస్టెంటులును ఇట్లు తరతరములు విద్యకు దూరమైరి.

కళాశాలా సభ్యులగు ఫెలోలలో పెక్కుమంది గురుపట్టము పొందినవారే యగుటచే చాప్లెయినునకు ప్రత్యేక స్థానము లేకపోయెను. ప్రార్థనలకు విద్యార్థులు తప్పక రావలెను. రానివారి పేర్లు గుర్తింపబడెడివి, శిక్షయు తప్పదు. అందరును హాజరైనను ఆ హాజరులో భక్తి యెంతయో చెప్పుట కష్టము. ఈ లోపమును తీర్చినవారిలో అగ్రగణ్యుడు చార్లెస్ సిమియన్. ఇతడు చాప్లెయిను కాడు. కింగ్స్ కాలేజీ ఫెలో, 1782 నుండి 1836లో మరణించువరకు కేంబ్రిడ్జిలోని హోలీ ట్రినిటీ దేవాలయ గురువు. శుక్రవారము సాయంకాలము తన గదులకు విద్యార్థులను పిలిచి, తేనీరిచ్చి, వారు అడిగిన ప్రశ్నలకు ఓపికతో సమాధానము చెప్పెడివాడు. అచ్చట హాజరు పట్టిక లేదు, శిక్ష లేదు. తరువాతి శతాబ్దమున చాప్లెయిను పదవి ఏ రూపము దాల్చెనో దాని ఛాయ ఆ గదులలోనే కనబడుచున్నది.

భారతదేశముతో సంబంధము: సిమియన్ శిష్యుడగు హెన్రీ మార్టిన్ ఈస్టిండియా కంపెనీ చాప్లెయినుగ 1806లో కలకత్తా చేరెను. తెలుగునాటికి ఈ విశ్వవిద్యాలయముల గాలి మచిలీపట్టణము రేవున సోకెను. కేంబ్రిడ్జి పట్టభద్రుడగు రాబర్టు నోబిలును, ఆక్స్‌ఫర్డులో చదివిన హెన్రీ ఫాక్సును 1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షమున అచ్చటికి వచ్చిరి. నోబిలు 1843లో స్థాపించిన పాఠశాల కాలక్రమమున కళాశాలయై నేటికిని ఆయన పేరు వహించుచున్నది. మరల 1877లో కేంబ్రిడ్జివారు ఢిల్లీకి ఒక మిషను పంపిరి. వారు 1881లో సెయింట్ స్టీఫెన్సు కళాశాలను స్థాపించిరి. కేంబ్రిడ్జిలోని పెంబ్రోకు కళాశాలనుండి 1904లో సెయింట్ స్టీఫెన్సునకు అధ్యాపకుడై వచ్చిన గురువే దీనబంధు సి. ఎఫ్. ఆండ్రూస్. గాంధీ, రవీంద్రుల ఆప్తమిత్రుడుగ ఆయన తెలుగువారికి సుపరిచితుడు. విద్యార్థులతో కలిసిమెలిసి జీవించుటయే గురుత్వమను భావము ఇట్లు ఈ దేశమునకును వచ్చెను.

1871 శాసనము: ఈ చరిత్రమునకు మలుపు తెచ్చినది 1871 నాటి విశ్వవిద్యాలయ మతపరీక్షల శాసనము. అంతకు ముందే 1854లో ఆక్స్‌ఫర్డునందును, 1856లో కేంబ్రిడ్జియందును సాధారణ పట్టములకు నిబంధనలు కొంత సడలినవి. 1871లో వేదాంతశాస్త్ర సంబంధమైనవి తప్ప, తక్కిన పట్టములకును పదవులకును మతపరీక్ష తొలగెను. అయినను ఆ శాసనమే కళాశాలలలో ఆంగ్లికన్ ప్రార్థనలు కొనసాగవలెననియు, ఆ సంఘమునకు చెందిన విద్యార్థులకు మతబోధ జరుగవలెననియు విధించెను. పిమ్మట వివాహము చేసికొన్న గృహస్థులును, ఏ మతమునకు చెందినవారైనను ఫెలోలు కాజొచ్చిరి. అందరును గురువులైనచోట ఎవరికిని పట్టని విద్యార్థిని పలుకరించు భారము ఇప్పు డొక్కని వంతయ్యెను. ఆ యొక్కడే చాప్లెయిను. కొన్ని కళాశాలలలో నతనికి పైన ప్రార్థనామందిర డీను కూడ నుండును.

ఇరువదవ శతాబ్దము: ఎరిక్ మిల్నర్-వైటు 1912లో కింగ్స్ కాలేజీ చాప్లెయిను అయ్యెను. ప్రథమ ప్రపంచసంగ్రామమున సేనలతో చాప్లెయినుగ తిరిగి, మరణించుచున్న యువకుల చెంత నిలిచి, 1918లో ఆ కళాశాలకే డీనుగ మరలివచ్చెను. యుద్ధము కళాశాలకు చెందిన ఎందరినో బలిగొనెను. పాత ప్రార్థనాక్రమము అట్టి దుఃఖమును మోయజాలదని యాతడు గ్రహించి, ఆ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన తొమ్మిది వేదపఠనములును క్రిస్మసు గీతములును గల ఆరాధనను ప్రవేశపెట్టెను. దాని మూలరూపము 1880లో ట్రూరో నగరమున బిషప్ బెన్‌సన్ ఏర్పరచినది. మొదటి పఠనమును ఒక గాయక బాలుడును, చివరిదానిని కళాశాలాధ్యక్షుడును చదువుదురు. 1928లో బి.బి.సి. దీనిని తొలిసారి ప్రసారము చేయగా నిది లోకప్రసిద్ధమయ్యెను.

కేంబ్రిడ్జిలోనే ట్రినిటీ హాలు అను కళాశాలకు చాప్లెయినగు లాన్స్‌లాట్ ఫ్లెమింగు భూగర్భశాస్త్రవేత్త కూడ; 1934–37లలో దక్షిణ ధ్రువప్రాంతమునకు పోయిన గ్రాహాంలాండ్ యాత్రయందు ఆ రెండు హోదాలతోను పాల్గొనెను. శాస్త్రజ్ఞానమును విశ్వాసమును ఒక్క వ్యక్తియందే చూచిన విద్యార్థులకు అది యొక పాఠమయ్యెను. తరువాత కాంటర్బరీ ఆర్చిబిషప్పులైన రాబర్టు రన్సీ ట్రినిటీ హాలునందును, రోవన్ విలియమ్స్ క్లేరు కళాశాలయందును డీను పదవి నిర్వహించిరి. 1994లో స్త్రీలకు గురుపట్ట మిచ్చుట ఇంగ్లండు సంఘమున మొదలైన పిమ్మట స్త్రీలును గురువులుగ ఈ పదవిని అలంకరించుచున్నారు.

నూతన విశ్వవిద్యాలయములు: లండనులో 1826లో స్థాపితమైన యూనివర్సిటీ కాలేజీ ఏ మతముతోను పొత్తు లేకుండ వెలసెను, దానికి ప్రతిగ 1829లో ఆంగ్లికనులు లండనులోనే వేరొక కింగ్స్ కాలేజీని స్థాపించిరి. తరువాత పారిశ్రామిక నగరములందు వెలసిన విశ్వవిద్యాలయములలో చాప్లెయినునకు పూర్వపు ధర్మశాసనముల అండ లేదు. ఆతనిని నియమించువాడు సాధారణముగ ఆ ప్రాంతపు బిషప్పు. జీతము తరచుగ బిషప్పు మండలమునుండి వచ్చును. విశ్వవిద్యాలయము ఒక గదిని మాత్రము చూపును. 1965లో కీలునందు వెలసిన ప్రార్థనామందిరమును ఆంగ్లికనులతోపాటు ఇతర సంఘములవారును పంచుకొనిరి. 1969లో లాంకస్టరున నిర్మితమైన చాప్లెయిన్సీ భవనమునకు మూడు శిఖరములు కలవు. అవియే ఆ విశ్వవిద్యాలయపు చిహ్నమునకును మూలమైనవి.

విధులు: ఉదయ సాయం ప్రార్థనలు, ఆదివారపు ప్రభు సంస్కారము, పూర్వవిద్యార్థుల వివాహములు, మృతులైన వారి సంస్మరణలు చాప్లెయిను నిత్య కృత్యములు. ఇవి పట్టికకు ఎక్కు పనులు. పట్టికకు ఎక్కనివి అంతకంటె బరువైనవి. తండ్రి మరణవార్త అర్ధరాత్రి విన్న విద్యార్థి, పరీక్షలో తప్పి ఇంటికి ఉత్తరము వ్రాయలేనివాడు, విశ్వాసము సడలినదని తల్లడిల్లునది, ఏ విశ్వాసమును లేక మాటకు మనిషిని వెదకువాడు — వీరందరును ఆ తలుపు తట్టుదురు. విన్న మాటను రహస్యముగ దాచుట ఆ పదవికి ప్రాణము. నేడు పెక్కు విశ్వవిద్యాలయములలో ఆంగ్లికన్ చాప్లెయినుతోపాటు కేథలిక్, ముస్లిం, యూదు, హిందూ మతముల ప్రతినిధులును పనిచేయుచున్నారు. తెలుగుదేశమునుండి పోయి, చలిదేశమున ఒంటరియైన హిందూ విద్యార్థియు ఆ గదిలోనికి నిస్సంకోచముగ పోవచ్చును. మతము మార్చుకొమ్మని యడుగుట అచ్చట మర్యాద కాదు.

సమీక్ష: విశ్వవిద్యాలయము తన స్వభావముచేతనే మనుష్యులను తూచు సంస్థ. ప్రవేశమున తూచును, పరీక్షలో తూచును, పట్టమిచ్చునపుడు శ్రేణి నిర్ణయించును. అధ్యాపకుడు ఎంత దయాళువైనను చివరకు మార్కులు వేయక తప్పదు. అట్టిచోట ఎవరిని గూర్చియు తీర్పు వ్రాయని వ్యక్తి యొక్కడైనను ఉండుట విలాసము కాదు, అవసరము. సంతకములు పెట్టించియు, పేర్లు గుర్తించియు సంఘము మూడు శతాబ్దములు పొందలేని విశ్వాసమును, ఏ యధికారమును లేని చాప్లెయిను పొందగలిగెను. ఒకనాడు బలాత్కారముగ నింపబడిన ప్రార్థనామందిరములకు నేడు స్వేచ్ఛగ వచ్చువారు కొలదిమందియే కావచ్చును. కాని ఆ కొలదిమంది రాకయే ఈ పదవికి నిజమైన ప్రమాణము.