రాజధానీ నగరముల రాత్రి వినోదములు: మధుర, ఓరుగల్లు, విజయనగరము

లండను, పారిసు, వియన్నా వంటి యూరపు రాజధానులను చూచివచ్చిన మనవారు అచటి పానశాలలను, నృత్యశాలలను, తెల్లవారుజాము వరకు ఆరని దీపములను గూర్చి ముచ్చటించుట పరిపాటి. కొందరు మెచ్చుకొందురు, కొందరు నిందింతురు. మెచ్చువారును నిందించువారును ఏకీభవించు విషయమొకటి కలదు: ఇట్టి రాత్రి జీవితము పాశ్చాత్యులదే గాని మనది కాదని ఇరువురును తలంతురు. మన ప్రాచీన గ్రంథములను, మన దేశమునకు వచ్చిన బాటసారుల రచనలను పరిశీలించినచో ఈ యభిప్రాయము నిలువదు. రాజధాని యన్నచోట వర్తకుడు చేరును, సైనికుడు చేరును, పరదేశి చేరును. పగటి పని ముగిసిన పిదప వీరికి కావలసిన పానము, భోజనము, గానము, నృత్యము అచట ఏర్పడును. కావున ఇట్టి వినోదము లుండెనా లేదా యనునది ప్రశ్న కాదు. ఆ వినోదమునకు సరకు నెవరు తెచ్చిరి, సుంకము నెవరు తీసికొనిరి, పాత్ర నెవరందించిరి, తుదకు దాని వెల నెవరు చెల్లించిరి యను నవియే చరిత్రకారునకు ముఖ్యమైన ప్రశ్నలు.

ఈ విచారమునకు కోయంబత్తూరు తగిన స్థానము. ఇచటి ఆర్.ఎస్. పురములోను, పరిసరములలోను స్థిరపడిన తెలుగు కుటుంబములలో పెక్కింటి పూర్వులు విజయనగర, మధుర నాయకరాజుల కాలమున దక్షిణమునకు వచ్చినవారు. అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే, యూరపు రాజధానియగు రోముకును పాండ్య రాజధానియగు మధురకును నడుమ సాగిన వర్తకమునకు ఈ కొంగునాడే దారి యయ్యెను.

మొదట పాలకుని దృష్టిని గమనింతము. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను అధికారి కలడు. పానశాల ఎట్లుండవలయునో శాస్త్రకారుడు స్పష్టముగా విధించెను. దానిలో పెక్కు గదులుండవలెను. వేరువేరు శయ్యలు, ఆసనములు ఏర్పరుపవలెను. గంధము, పుష్పమాలలు, నీరు సమకూర్చి ఋతువునకు తగిన సుఖము కల్పింపవలెను. ఇంతవరకు చదివినవానికి ఇది నేటి నగరములోని ఖరీదైన పానశాల వర్ణనవలె తోచును. కాని వెనువెంటనే గూఢచారులు ప్రవేశింతురు. ఎవడు తన స్థితికి మించి వ్యయము చేయుచున్నాడో వారు కనిపెట్టవలెను. మత్తులో నిద్రించువాని ఆభరణములు పోయినచో వర్తకుడే ఆ నష్టము నిచ్చి, దండము కూడ చెల్లింపవలెను. రూపవతులగు దాసీల మూలమున పరదేశీయుల మనోభావములను తెలిసికొనవలెనని కూడ అందు కలదు. అనగా పానశాల రాజునకు ఆదాయస్థానమే కాక, నగరము యొక్క గుండెచప్పుడు వినుటకు చెవియొగ్గు స్థలము కూడ.

ఈ జాగరూకత మన దేశమునకే పరిమితము కాదు. లండను నగరమున 1652లో మొదటి కాఫీశాల వెలసెను. అచట మద్యము లేదు, కాని మాట కలదు. రెండవ చార్లెసు ఆ మాటకు భయపడి, 1675 డిసెంబరులో కాఫీశాలల నన్నిటిని మూసివేయ వలసినదిగా ప్రకటన చేసెను. ప్రజల యలజడిని చూచి కొలది దినములకే దానిని ఉపసంహరించుకొనెను. నలుగురు కూడి కూర్చుండు చోటుపై అధికారమునకు అనుమానము కలుగుట అన్ని దేశములకు సమానమే.

ఇక మధురను చూతము. సంఘకాలమునకు చెందిన తమిళ కావ్యసంకలనము ‘పత్తుప్పాట్టు’లో పెద్దది ‘మదురైక్కాంచి’. మాంగుడి మరుదనారు దీనిని తలైయాలంగానత్తు నెడుంజెళియనను పాండ్యరాజు నుద్దేశించి రచించెను. ఇందు నగరమున పగటి అంగడి, రాత్రి అంగడి యని రెండు వేరుగా చెప్పబడినవి. కల్లు అమ్ము చోట్ల నెగురు జెండాలు కూడ కవి దృష్టిని తప్పించుకొనలేదు. సూర్యుడస్తమించిన పిదప యామములవారీగా నగరమును ఆయన వర్ణించిన తీరు మిక్కిలి విశేషమైనది. తొలి యామమున వేశ్యలు అలంకరించుకొందురు. రాత్రి ముదిరినకొలది అంగళ్లు మూతపడును, పిండివంటలు అమ్మువారు తమ సరకు చెంతనే కునుకుతీయుదురు. అర్ధరాత్రి దాటగా దొంగలు వెడలుదురు, వారిని పట్టుకొనుటకు ఆయుధధారులగు తలవరులు తిరుగుదురు. నేడు తమిళులు మధురను ‘తూంగా నగరము’, అనగా నిద్రింపని నగరము, అని పిలుచుటలో ఎంత పురాతనమైన సత్యము కలదో దీనివలన తెలియును.

ఆ మధురలో త్రాగిన పానమంతయు తాటిచెట్టు నుండి దిగినది కాదు. ‘పురనానూరు’లోని యొక పద్యమున నక్కీరుడు నన్మారుడను పాండ్యుని ఆశీర్వదించుచు, యవనులు తెచ్చిన పరిమళభరితమగు చల్లని మధువును, గాజులు ధరించిన స్త్రీలు బంగారు పాత్రలలో నందింపగా సేవింపుమని చెప్పెను. యవనులనగా ఇచట పశ్చిమ సముద్రము మీదుగా వచ్చిన గ్రీకు, రోమను వర్తకులు. వారి ద్రాక్షామధువు మట్టికూజాలలో ఓడలపై వచ్చెడిది. అట్టి కూజాల ముక్కలు పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో 1945లో జరిగిన త్రవ్వకములందు లభించినవి. పడమటి తీరమున ముసిరి రేవున దిగిన సరకు పాలఘాటు కనుమ గుండ కొంగునాడు ప్రవేశించి, నొయ్యల్ నది వెంట కరూరు దిశగా సాగెడిది. ఆర్.ఎస్. పురమునకు కొలది మైళ్ల దూరమున నొయ్యల్ చెంతనున్న వెళ్లలూరిలో 1842లోను, తరువాతను రోమను వెండి నాణెముల నిధులు బయటపడినవి. వాటిలో ఆగస్టసు, టైబీరియసు చక్రవర్తుల ముద్రలు గల నాణెములే మిక్కుటము.

ఇందొక చిత్రమైన సంగతి కలదు. ఈ టైబీరియసు చక్రవర్తియే రోము నగరమున పానశాలలపైనను, పూటకూళ్లపైనను కఠినమైన ఆంక్షలు విధించి, పిండివంటలను సైతము అమ్మకమునకు పెట్టరాదని శాసించినట్లు సుటోనియసు వ్రాసెను. తన రాజధానిలో వినోదమును కుదించిన చక్రవర్తి ముద్ర వహించిన నాణెము, ఇంకొక రాజధాని వినోదమునకు మధువు తెచ్చిన దారిలోనే దొరకుట చరిత్ర చేసిన పరిహాసము. రోమను సామ్రాజ్యము నుండి ఏటేట 5 కోట్ల సెస్టర్సులను భారతదేశము హరించుచున్నదని ప్లినీ వాపోయెను. ఆ ధనము విశేషముగా మిరియములకు, ముత్యములకు, సన్నని వస్త్రములకు వెచ్చింపబడెను. రోము సుఖమునకు మన మిరియము, మధుర సుఖమునకు వారి మధువు: ఒండొరుల విలాసములే ఉభయులకును వర్తకమయ్యెను.

తెలుగు రాజధాని వినోదములకు మనకు గల ముఖ్య సాక్ష్యము ‘క్రీడాభిరామము’. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామము’ ననుసరించి వినుకొండ వల్లభరాయుడు దీనిని తెనిగించెను. ఇది శ్రీనాథుని రచనయని వాదించిన పండితులును కలరు. గోవింద మంచనశర్మ, అతని మిత్రుడు టిట్టిభసెట్టి ఓరుగల్లు వీథులలో తిరుగుచు చూచిన వింతలే ఇందలి కథ. కోడిపందెములు కలవు. పల్నాటి వీరుల కథను గానము చేయువారు కలరు. ప్రతాపరుద్రుని ప్రియురాలగు మాచల్దేవి చిత్రశాల కలదు. లక్ష్మణవజ్ఝల పూటకూటి ఇంట ఒక రూకకు దొరకు కమ్మని భోజనము కలదు. ఒకడు బ్రాహ్మణుడు, ఒకడు వైశ్యుడు. ఇరువురును కులభేదమును మరచి వినోదము వెంట నడచిరి. తమ ఊరిలో చేయలేనిది రాజధానిలో చేయగలుగుట, నలుగురిలో కలిసి తన పేరు మరుగుపరచుకొనుట: రాజధాని యొసగు స్వేచ్ఛ ఇదియే. నేడు యూరపు నగరములకు పోవు యువకుడు కోరునదియు దీనినే.

సురవరము ప్రతాపరెడ్డిగారు తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఈ రూపకమును చక్కగా ఉపయోగించుకొనిరి. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తెలుగున తొలి అకాడమీ బహుమానము రాజులను గాక ప్రజల తిండిని, ఆటలను, వేడుకలను వర్ణించిన గ్రంథమునకు దక్కుట గమనింపదగినది. అయినను ఒక హెచ్చరిక అవసరము. కాకతీయ రాజ్యము 1323లో పతనమైనది. తెలుగు ‘క్రీడాభిరామము’ ఆ తరువాతి కాలమునకు చెందినది. కనుక అందు కనబడు ఓరుగల్లు కొంతవరకు స్మృతిలోని రాజధాని. పోయిన వైభవమును తలచుకొనువాడు వెలుగును చూచును గాని చీకటిని చూడడు.

విజయనగరమునకు వచ్చునప్పటికి లెక్కలు కూడ లభించుచున్నవి. హీరాతు నుండి షారుఖు రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాకు 1443లో రెండవ దేవరాయల కాలమున ఈ నగరమును దర్శించెను. టంకశాల వెనుక వేశ్యావాటిక యుండెననియు, ఆ స్త్రీలు సర్వాలంకారములతో వాకిళ్ల యందు ఆసీనులై యుందురనియు అతడు వ్రాసెను. టంకశాల కెదుట రక్షకభటుల కార్యాలయము కలదు. అందలి భటులు 12,000 మంది, వారి జీతము 12,000 పణములు. ఆ మొత్తము ఆ వేశ్యాగృహముల నుండి వచ్చు పన్నువలననే చెల్లింపబడుచుండెను. ఏడు ప్రాకారముల లోపల ఏమి జరిగినను తెలిసికొనుటయు, పోయిన సొత్తును రాబట్టుటయు ఆ భటుల విధి. అనగా గృహస్థు నిశ్చింతగా నిద్రించుటకు మూల్యము నిద్రలేని స్త్రీ సంపాదననుండి వచ్చుచుండెను. రాయబారి ఈ ఏర్పాటును ఆశ్చర్యముతో వర్ణించెనే కాని, ఆ స్త్రీల నెవరిని పలుకరించినట్లు కనబడదు.

వారి గొంతు కొంతవరకైనను వినబడునది మధుర నాయకరాజుల కాలముననే. తిరుమల నాయకుడు 1623 నుండి 1659 వరకు పాలించెను. రాజధానిని తిరుచిరాపల్లి నుండి మరల మధురకు తెచ్చెను. 1636 ప్రాంతమున నిర్మించిన అతని భవనములోని స్వర్గవిలాసము నేటికిని మనము చూడగల్గుచున్నాము. మువ్వ గ్రామమునకు చెందిన క్షేత్రయ్య ఈ తిరుమలేంద్రుని యాస్థానమున 2,000 పదములు చెప్పినట్లు తన పదములలో నొకదానియందే చెప్పుకొనెను. తమిళుల రాజధానిలో, తెలుగు ప్రభువు నెదుట, తెలుగు పదము నర్తకి నోట వెలువడెను. ఆ పదములలోని నాయిక పలుచోట్ల వేశ్య. ఆమె ప్రేమించును, అలుగును, రొక్కము తెమ్మని నిలదీయును, రిక్తహస్తములతో వచ్చినవానిని గడప దాటనీయదు. పురుషుడు వ్రాసినదే యైనను, పాత్ర నందించు చేతికి ఇచట మాట కలిగెను. అటుపిమ్మట తంజావూరున ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ వ్రాసి ఆ మాటను స్వయముగా పలికెను. బెంగళూరు నాగరత్నమ్మ దానిని 1910లో సమగ్రముగా ప్రకటింపగా ప్రభుత్వము నిషేధించెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మదరాసు ప్రధానిగా నున్న కాలమున ఆ నిషేధము తొలగెను. 1947లోనే దేవదాసీ నిషేధ శాసనము వచ్చినది. అన్యాయమైన యాచారము పోవుట మేలే. కాని ఆ పదములను నోటను, అభినయమునందును కాపాడిన కుటుంబములకు దక్కవలసిన గౌరవము మాత్రము వెంటనే దక్కలేదు.

ఆధునిక కాలమున సురాధ్యక్షుని స్థానమును ఆబ్కారీ శాఖ ఆక్రమించెను. మదరాసు ఆబ్కారీ చట్టము 1886లో వచ్చెను. రాజాజీ ప్రభుత్వము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించెను. ఆబ్కారీ ఆదాయమునకు కలిగిన లోటును పూరించుటకు 1939లో అమ్మకపు పన్ను విధింపబడెను. అనగా త్రాగువాడు చెల్లించుచుండినది త్రాగనివానిపై కూడ పడెను. 1948లో రాష్ట్రమంతట అమలులోనికి వచ్చిన నిషేధము తమిళనాట 1971లో సడలెను. 1983లో ప్రభుత్వమే మద్య వర్తకసంస్థను స్థాపించెను, 2003 నుండి చిల్లర అమ్మకమును కూడ అదియే చేపట్టెను. విజయనగరపు పణములకును ఈ ఆదాయమునకును స్వభావమున భేదము స్వల్పమే.

అయితే పూర్వకాలమున వినబడని స్వరమొకటి మన కాలమున వినబడినది. మంచనశర్మ ఇంటి యిల్లాలు ఆ రాత్రి ఏమి తలచెనో ‘క్రీడాభిరామము’ చెప్పదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు సారాయి అంగడికి ఎదురునిలిచిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా 1993లో సారాయియు, 1995లో మద్యమంతయు ఆంధ్రప్రదేశమున నిషేధింపబడెను. సంపూర్ణ నిషేధము 1997లో సడలినను, వెల చెల్లించునది ఎవరో లోకమునకు తెలియజెప్పిన కీర్తి ఆ స్త్రీలదే.

కావున యూరపు రాజధాని దీపములను చూచి మురియువాడు, మనకట్టివి లేకుండెనని చిన్నబుచ్చుకొన నక్కరలేదు. అవి మనకు లేవని గర్వించుటకును తావులేదు. వినోదమును కోరుట మానవస్వభావము. మధురలో, ఓరుగల్లులో, విజయనగరములో మన పూర్వులు దానిని నిండుగా అనుభవించిరి, కవులు మనోహరముగా వర్ణించిరి. ఆ వర్ణనలను చదువునపుడు బంగారు పాత్రతోబాటు దానిని పట్టిన చేతిని, ఆ చేతి గాజుల సవ్వడితోబాటు ఇంట వేచియున్న దీపమును కూడ గుర్తించుట చరిత్ర విద్యార్థి ధర్మము.