గృహ సహాయం రద్దు: అమెరికా నిబంధనల చరిత్ర

అల్పాదాయ కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చిన ఇంటిని గానీ, అద్దె సాయాన్ని గానీ ఏ కారణంతో, ఏ పద్ధతిలో వెనక్కి తీసుకోవచ్చో చెప్పేవి గృహ సహాయ రద్దు నిబంధనలు. అమెరికాలో ఇవి కొంత ఫెడరల్ చట్టాల నుంచి, కొంత కోర్టు తీర్పుల నుంచి, మిగిలింది గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ (హడ్) ఉత్తర్వుల నుంచి వచ్చాయి. అమలు బాధ్యత స్థానిక గృహ సంస్థలది.

రూజ్‌వెల్ట్ హయాంలో వచ్చిన 1937 గృహ చట్టం ప్రభుత్వ ఇళ్లకు పునాది వేసింది. ఖాళీ చేయించే వ్యవహారం మాత్రం చాలాకాలం స్థానిక సంస్థల ఇష్టానికే సాగింది. వినాశకర సంస్థల్లో సభ్యులం కామని అద్దెదారులు రాసివ్వాలన్న 1952 నాటి గ్విన్ సవరణ, కొన్ని రాష్ట్రాల కోర్టులు తిరస్కరించడంతో కొన్నేళ్లకే మూలపడింది.

అసలు మలుపు నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో వచ్చింది. అక్కడి ప్రభుత్వ ఇళ్లలో ఒప్పందం నెలనెలా కొనసాగేది. 15 రోజుల నోటీసుతో సంస్థ దాన్ని ముగించవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. 1965 ఆగస్టు 10న ఒక మహిళ అద్దెదారుల సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికైంది. మరునాడే ఇల్లు ఖాళీ చేయమని నోటీసు వచ్చింది. ఎందుకని అడిగితే జవాబు లేదు. థోర్ప్ కేసుగా పేరుపడ్డ ఈ వివాదం సుప్రీంకోర్టులో ఉండగానే, 1967 ఫిబ్రవరి 7న హడ్ ఒక సర్క్యులర్ జారీచేసింది: ఖాళీ చేయించే ముందు కారణం చెప్పాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కోర్టు కేసును కింది కోర్టుకు తిప్పి పంపింది. సర్క్యులర్ పాత నోటీసుకు వర్తించదని రాష్ట్ర కోర్టు అనగా, 1969 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. అద్దెదారు అప్పటికింకా ఆ ఇంట్లోనే ఉంది కాబట్టి సర్క్యులర్ ఆమెకూ వర్తిస్తుందని తీర్పు. రాజ్యాంగ ప్రశ్న జోలికి పోకుండా, ఒక శాఖాపరమైన కాగితంతోనే కోర్టు ఈ చిక్కుముడి విప్పడం గమనార్హం.

రాజ్యాంగం మాట 1970లో వచ్చింది. సంక్షేమ భృతి ఆపే ముందే విచారణ జరపాలని గోల్డ్‌బర్గ్ కేసులో జస్టిస్ బ్రెన్నన్ రాసిన ప్రసిద్ధ తీర్పు చెప్పింది. అదే ఏడాది న్యూయార్క్ ప్రభుత్వ ఇళ్లకు సంబంధించిన ఎస్కలేరా కేసులో అప్పీలు కోర్టు ఇదే దారిలో నడిచింది.

1974 చట్టంతో సెక్షన్ 8 అద్దె సాయం మొదలయ్యాక సమస్య రెండు పాయలైంది. ప్రైవేటు యజమాని ఒప్పందం రద్దుచేయడం ఒకటి, సంస్థ కుటుంబానికి సాయం ఆపడం మరొకటి. ఇల్లు పోయినా సాయం మిగిలితే వేరే ఇల్లు వెతుక్కోవచ్చు. సాయమే పోతే ఆ దారీ మూసుకుంటుంది. అందుకే ఈ అద్దె సాయపు (వోచర్) నిబంధనలు రెండోదాన్ని వివరంగా పట్టించుకున్నాయి. ఒప్పందాన్ని తీవ్రంగా ఉల్లంఘించి ఇంటినుంచి తొలగింపుకు గురైతే సాయం ఆపడం తప్పనిసరి. తప్పుడు వివరాలు, సంస్థకు బాకీ వంటివాటిలో సంస్థకు విచక్షణ ఉంది. తప్పు తీవ్రత, వైకల్యం వంటి పరిస్థితులు, తప్పు చేయని సభ్యులపై పడే ప్రభావం చూడవచ్చు. తప్పు చేసిన సభ్యుణ్ణి ఇంట్లో ఉండనివ్వకూడదన్న షరతుతో మిగతావారికి సాయం కొనసాగించనూ వచ్చు. చెల్లింపు ఆగకముందే విచారణకు అవకాశమివ్వాలి. కాగితాలు చూసే హక్కు, సొంత ఖర్చుతో న్యాయవాదిని తెచ్చుకునే హక్కు కుటుంబానికి ఉన్నాయి. నిర్ణయం తీసుకున్న అధికారి గానీ, అతని కింది ఉద్యోగి గానీ విచారణ జరపరాదు. ఆదాయం పెరిగి సాయం సున్నాకు చేరితే, చివరి చెల్లింపు తర్వాత 180 రోజులకు చెల్లింపు ఒప్పందం దానంతటదే ముగుస్తుంది.

మత్తుమందుల భయం అద్దెదారులకు రక్షణ పెంచే ఈ ధోరణిని వెనక్కి తిప్పింది. 1988 చట్టం, 1996లో క్లింటన్ ప్రకటించిన ‘ఒక్క తప్పుకే తొలగింపు’ విధానం నియమాలను కఠినం చేశాయి. ఓక్లాండ్‌కు చెందిన రక్కర్ కేసులో వృద్ధ అద్దెదారులు మనవళ్లు, సహాయకుల మత్తుమందుల తప్పులకు నోటీసులందుకున్నారు. సంగతి అద్దెదారులకు తెలియకపోయినా వారిని తొలగించవచ్చని 2002లో సుప్రీంకోర్టు అంది. తొలగించి తీరాలని మాత్రం అనలేదు.

మహిళలపై హింస నిరోధక చట్టానికి 2005లో జరిగిన పునరుద్ధరణ ఒక మెచ్చదగ్గ మినహాయింపు తెచ్చింది. ఇంట్లో జరిగిన హింసను బాధితురాలి తప్పుగా లెక్కించరాదు. ఒప్పందాన్ని విడగొట్టి హింసించినవాణ్ణి మాత్రమే పంపవచ్చు. 2013 సవరణ లైంగిక దాడి బాధితులకూ రక్షణ విస్తరించి, అత్యవసరంగా వేరే ఇంటికి మారే ఏర్పాటు చేర్చింది. కోవిడ్ వేళ 2020 మార్చిలో వచ్చిన కేర్స్ చట్టం సహాయం పొందే ఇళ్లలో అద్దె బకాయి కేసులను 120 రోజులు నిలిపి, ఆపై ఖాళీ చేయమనడానికి 30 రోజుల నోటీసు తప్పనిసరి చేసింది.