విశాఖ మన్యం గ్రామాలలో సామాజిక, ఆర్థిక మార్పులు

విశాఖ మన్యం ఆంధ్ర ప్రదేశ్ లోని తూర్పు కనుమలలో గల కొండ ప్రాంతము. పూర్వపు విశాఖపట్నం జిల్లాకు చెందిన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. ఇక్కడ బగత, కొండదొర, కొటియ, వాల్మీకి, పోర్జ, గదబ మొదలైన గిరిజన తెగలవారు నివసిస్తున్నారు. వ్యవసాయమే వీరి ప్రధాన జీవనాధారం.

పోడు వ్యవసాయం

కొండవాలులోని చెట్లను నరికి, ఎండిన పిదప కాల్చి, బూడిద కలిసిన నేలలో విత్తనాలు చల్లి పండించే పద్ధతిని పోడు అంటారు. కొన్ని పంటల తరువాత ఆ భూమిని బీడుగా విడిచి వేరొక చోటికి మారతారు. చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు, వలిసెలు ముఖ్యమైన మెట్ట పంటలు. గెడ్డల ప్రక్కన మడులు కట్టి వరి పండిస్తారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వలన పోడుకు ఆంక్షలు ఏర్పడినవి. ఈ అసంతృప్తి 1922-24 మన్యం తిరుగుబాటుకు గల ముఖ్య కారణాలలో ఒకటి.

భూమి, అప్పు

మైదాన ప్రాంతపు వ్యాపారుల వద్ద చేసిన అప్పు తీర్చలేక గిరిజనులు భూములు కోల్పోవడం, అప్పిచ్చినవాని ఇంట గొత్తి అనే వెట్టిచాకిరీ చేయడం ఈ ప్రాంతంలో ఉండేది. దీనిని అరికట్టడానికి 1917లో ఒక చట్టం, 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చినవి. 1959 నిబంధనను సవరించిన 1970 నాటి 1/70 నిబంధన ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదు. 1997లో సమత కేసులో సుప్రీం కోర్టు, ఏజెన్సీలోని ప్రభుత్వ భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు కౌలుకు ఇవ్వరాదని తీర్పు చెప్పినది. అటవీ ఉత్పత్తులను కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ (జి.సి.సి.) ఏర్పడినది.

కాఫీ తోటలు

పోడుకు ప్రత్యామ్నాయంగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐ.టి.డి.ఎ.), కాఫీ బోర్డు గిరిజన రైతులచే కాఫీ తోటలు వేయించినవి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పెంచి, ఆ చెట్లకే మిరియాల తీగను ప్రాకిస్తారు. మొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగు సంవత్సరాలు పడుతుంది. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది.

కాఫీ వలన రైతు చేతికి నగదు వచ్చినది. అయితే పోడు చేనులో ఒక పంట పోయినా మరొకటి తిండికి మిగిలేది. కాఫీ ధర పడిపోయినచో తోటను తినలేరు. అందుచేత చాలా కుటుంబాలు తోటతో పాటు కొంత చేను, వరి మడి కూడా ఉంచుకుంటాయి.

సామాజిక మార్పులు

1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం పథకం తరువాత చోడి అంబలి స్థానంలో అన్నం వాడకం పెరిగినది. ఆశ్రమ పాఠశాలలలో చదివినవారు ఉద్యోగాలకు పట్టణాలకు వెళ్ళుచున్నారు. ఏజెన్సీ పాఠశాలలలో ఉపాధ్యాయ నియామకాలన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి ప్రభుత్వ ఉత్తర్వు నెం. 3ను సుప్రీం కోర్టు 2020లో కొట్టివేసినది.

వారపు సంతలు నేటికీ క్రయవిక్రయాలకు ముఖ్య కేంద్రాలు. అటవీ హక్కుల చట్టం (2006) ద్వారా పలువురు సాగుదారులు పట్టాలు పొందారు. అయినను రహదారి లేని కొండ శిఖర గ్రామాలలో రోగులను, గర్భిణీ స్త్రీలను డోలీలో మోసుకొని రావలసిన పరిస్థితి ఇంకను పూర్తిగా తొలగిపోలేదు.