ఉప్పు సరస్సు నుంచి ముప్ఫై మైళ్ళు

సర్ల్స్ సరస్సులో నీళ్ళు కనపడటం అరుదు. ఎండకి మెరిసే తెల్లటి ఉప్పు పొర, దాని కింద సోడా, బోరాక్స్, పొటాష్ కలిసిన చిక్కటి ఉప్పునీరు. కాలిఫోర్నియాలో మొహావి ఎడారి ఉత్తరపు కొసన ఉన్న ఈ సరస్సు ఒడ్డునే ట్రోనా ఊరుంది. సరస్సే ఊరిని బతికించిందని అందరూ అంటారు. ఇక్కడే ఉంటున్న ఈ వ్యాసకర్త లెక్కలో అది సగమే నిజం. మిగతా సగం సుమారు యాభై కిలోమీటర్ల ట్రోనా రైల్వేది.

జాన్ సర్ల్స్‌కి 1862లోనే ఇక్కడ బోరాక్స్ కనపడింది. తవ్వకం మొదలుపెట్టడానికి మాత్రం 1873 దాకా పట్టింది. ఎత్తిన సరుకు కంచరగాడిదల బళ్ళ మీద సముద్రపు రేవు శాన్ పెడ్రోకి వెళ్ళేది. 1876లో మొహావి దాకా రైలు వచ్చాక బళ్ళ ప్రయాణం తగ్గింది కానీ తప్పలేదు. అంత దూరం మోసుకెళ్ళినా గిట్టుబాటయ్యేది బోరాక్స్ ఒక్కటే. మిగతా లవణాలన్నీ సరస్సులోనే ఉండిపోయాయి.

లాస్ ఏంజెలస్‌కి మంచినీళ్ళ కాలువ తవ్వేటప్పుడు ఆ పనికి సామాను చేరవేయడానికి సదరన్ పసిఫిక్ కంపెనీ మొహావి నుంచి ఉత్తరానికి ఒక లైను వేసింది. కాలువ పని అయిపోయినా పట్టాలు మిగిలాయి. లండన్ పెట్టుబడి వెనకున్న అమెరికన్ ట్రోనా కంపెనీ 1913లో సొంత రైలు మార్గం మొదలుపెట్టి, 1914లో దాన్ని సర్ల్స్ స్టేషన్ దగ్గర ఆ లైనుకి కలిపింది. అదే ఏడాది యూరప్‌లో యుద్ధం వచ్చింది. అప్పటిదాకా అమెరికా పొలాలకు పొటాష్ ఎరువు జర్మనీ నుంచే వచ్చేది. అది ఆగిపోయేసరికి ధర ఆకాశాన్నంటింది. సరిగ్గా ఆ వేళకి ట్రోనాలో పొటాషూ ఉంది, దాన్ని పంపడానికి పట్టాలూ ఉన్నాయి.

దారి సరిగ్గా కుదరకపోతే ఏమవుతుందో చూపిన ఉదాహరణ కూడా ఈ ఊరి పక్కనే ఉంది. లాస్ ఏంజెలస్ పూల వ్యాపారి థామస్ రైట్ తూర్పు కొండల్లో ఎప్సమ్ సాల్ట్ గని మొదలుపెట్టాడు. పూలమ్ముకునేవాడికి ఎడారిలో గనులెందుకని అడగాలనిపిస్తుంది గానీ, అతనికి ధైర్యం తక్కువేం కాదు. కొండలు దాటి, సరస్సు మీదుగా ట్రోనా రైలుని చేరేలా 28 మైళ్ళ మోనోరైలు కట్టించాడు. గుర్రపు జీనులా దిమ్మెల మీద కూర్చునే బండి, ఒకే ఒక్క పట్టా. 1924లో నడిచింది. ఎండకి దిమ్మెల కలప ఎండి, వంగి, పగుళ్ళిచ్చింది. నిటారైన కనుమ ఎక్కడం ఇంజన్లకు గగనమైంది. 1926కల్లా మూతపడింది. మామూలు రెండు పట్టాల ట్రోనా రైలు మాత్రం నడుస్తూనే ఉంది.

ఊరంతా కంపెనీదే. జీతం కూడా కొంతకాలం కంపెనీ అచ్చువేసిన చీటీల్లోనే ఇచ్చారు. ఉప్పునేల మీద గడ్డి మొలవదు కనుక హైస్కూలు ఫుట్‌బాల్ మైదానం ఇసుకే. దాని పేరు ‘ది పిట్’. ట్రోనా పిల్లలకు అలవాటే గానీ, పైఊరి జట్లకు మాత్రం నరకం.

ఊరి పక్కనే అర్గస్ సోడా కర్మాగారం 1978లో మొదలయ్యాక రైలుకి రెండువైపులా పని దొరికింది. వచ్చేటప్పుడు బొగ్గు, వెళ్ళేటప్పుడు సోడా యాష్. బొగ్గు కాల్చగా వచ్చే పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని వేరుచేసి, దాన్నే ఉప్పునీటిలోకి పంపి సోడా తీశారు. ఇంటికి తెచ్చిన వంటచెరకు పొగని కూడా వదలని గడుసు ఇల్లాలి సంసారం అది.

యజమానులు మారుతూ వచ్చారు. 1967లో కెర్-మెక్‌గీ, తర్వాత మరికొందరు. 2007లో అహ్మదాబాదు నిర్మా కొనేసింది. తెలుగిళ్ళల్లో పసుప్పచ్చ పొడి ప్యాకెట్‌గా పేరుపడ్డ ఆ కంపెనీకి సోడా యాష్ ముడిసరుకే. 2019 జూలైలో వరస భూకంపాలు ఊళ్ళో గోడలు కూల్చాయి, కర్మాగారాన్ని ఆపేశాయి. తర్వాత పని మళ్ళీ మొదలైంది. ఇప్పుడు లోయలో ఉండేవాళ్ళు రెండు వేలకు లోపే. సోడా వ్యాగన్లు మాత్రం ఇంకా సర్ల్స్‌కే చేరతాయి. అక్కడ యూనియన్ పసిఫిక్ అందుకుని దక్షిణానికి తీసుకుపోతుంది.